ఇంగ్లండ్ రోమ్‌తో ఎందుకు తెంచుకుంది? పెళ్లి గొడవా, పెత్తనం గొడవా, భక్తి గొడవా – తరచుగా అడిగే ప్రశ్నలు

"ఎనిమిదో హెన్రీ విడాకుల కోసం మతం మార్చాడు." గ్రూప్స్ బిట్ బ్యాంకుల్లో, స్కూలు పాఠాల్లో చాలామందిమి నేర్చుకున్నది ఈ ఒక్క వాక్యమే. ఇందులో మూడు మాటలున్నాయి: విడాకులు, మతం, మార్చడం. మూడూ సగం సగమే నిజం. ఈ విషయం మీద నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మొత్తం ఒక పెళ్లి గొడవేనా?

మొదలైంది పెళ్లితోనే, దాన్ని దాచక్కర్లేదు. హెన్రీ 1509లో గద్దెనెక్కగానే స్పెయిన్ రాజకుమార్తె కేథరిన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె అంతకుముందు అతని అన్న ఆర్థర్ భార్య. 1501లో పెళ్లయిన ఆర్థర్ అయిదు నెలలు తిరక్కుండానే చనిపోయాడు. హెన్రీతో ఆమెకు ఎన్ని కాన్పులైనా బతికి బట్టకట్టింది ఒక్క మేరీయే, 1516లో పుట్టింది. అంతకుముందు 1511 జనవరిలో కొడుకు పుట్టాడని లండన్ అంతా పండగ చేసుకుంటే, ఆ బిడ్డ రెండు నెలలు నిండకుండానే పోయాడు.

మగబిడ్డ కోసం అంత ఆరాటమేంటని ఇప్పుడు మనం అనుకోవచ్చు. హెన్రీ తండ్రి 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో గెలిచి కిరీటం పెట్టుకున్నవాడు. దానికి ముందు మూడు దశాబ్దాలు దాయాదులు ఒకరినొకరు నరుక్కున్నారు. వారసుడి విషయం తేలకపోతే మళ్లీ అదే గతి పడుతుందన్న భయం ఊరికే పుట్టింది కాదు. దానికి తోడు రాణి చెలికత్తె ఆన్ బొలీన్ మీద మోజు. ఆమె ఉంపుడుగత్తెగా ఉండనంది, పెళ్లే చేసుకోమంది.

కానీ పెళ్లి గొడవ ఒక్కటే అయితే ఇంత దూరం రావాల్సిన పనే లేదు. పెద్దింటివాళ్ల పెళ్లిళ్లు రోమ్‌లో రద్దవడం అప్పట్లో వింతేమీ కాదు. హెన్రీ సొంత అక్క మార్గరెట్‌కి 1527లో ఇదే పోప్, ఏడో క్లెమెంట్, పెళ్లి రద్దు చేసిచ్చాడు. అక్కకి దొరికింది తమ్ముడికి దొరకలేదు!

అడిగింది విడాకులేనా?

కాదు. కథోలిక్ చర్చిలో విడాకులనేవే లేవు. హెన్రీ అడిగింది "ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లదని తీర్పు ఇవ్వండి" అని. అన్న భార్యను చేసుకోడానికి అడ్డొచ్చిన నిబంధనను 1503లో పోప్ రెండో జూలియస్ సడలించి అనుమతి ఇచ్చాడు. ఆ అనుమతి ఇచ్చే హక్కే పోప్‌కి లేదన్నది హెన్రీ వాదన.

దానికి అతను లేవీయకాండము 20:21 పట్టుకున్నాడు. సహోదరుని భార్యను చేసుకున్నవాడు సంతానహీనుడవుతాడని అక్కడుంది. అవతలివాళ్లు ద్వితీయోపదేశకాండము 25:5 తీశారు. సంతానం లేకుండా చనిపోయినవాడి భార్యను అతని సహోదరుడే చేసుకోవాలని ఇక్కడుంది. రెండూ అదే బైబిలే. హెన్రీ యూరప్‌లోని చాలా విశ్వవిద్యాలయాలకు మనుషుల్ని పంపి, పండితుల అభిప్రాయాలు పోగేయించాడు, కొన్నిచోట్ల డబ్బు కూడా పారింది.

నా ఉద్దేశంలో ఇక్కడే చాలామంది పొరబడతారు. హెన్రీ ఇదంతా నాటకం ఆడాడని అనుకుంటారు. అతను తనకు కావలసినదాన్ని దేవుడి మాటగా నమ్మగలిగిన మనిషి. కొడుకులు పోవడం నిజంగా దేవుడి శాపమే అనుకున్నాడు. కోరికకు నమ్మకం తోడైతే ఆ మనిషిని ఎవరూ ఆపలేరు.

మరి పోప్ ఎందుకు ఒప్పుకోలేదు?

కేథరిన్ అక్క కొడుకు ఐదో చార్లెస్ చక్రవర్తి. స్పెయిన్, జర్మనీ, ఇటలీలో సగం అతని చేతిలో ఉంది. 1527 మే నెలలో జీతాలందని అతని సైన్యం రోమ్ మీద పడి నగరాన్ని దోచేసింది. పోప్ కోటలో దాక్కున్నాడు, డిసెంబరులో తప్పించుకుని ఓర్వియెటో అనే కొండ ఊరికి చేరాడు. హెన్రీ దూతలు ఆయన్ని కలిసింది అక్కడే. చార్లెస్ సైన్యం గుమ్మంలో ఉండగా చార్లెస్ పిన్ని కాపురం కూల్చే ధైర్యం ఆయనకెక్కడిది?

అందుకని ఔననలేదు, కాదనలేదు, సాగదీశాడు. చివరికి 1529లో లండన్ బ్లాక్‌ఫ్రయర్స్‌లో విచారణ పెట్టారు. కేథరిన్ నిండు సభలో భర్త కాళ్ల దగ్గర మోకరిల్లి, నేను నీ దగ్గరికి కన్యగానే వచ్చాను, ఆ సంగతి నీ మనస్సాక్షికి తెలుసు అని చెప్పి, పిలుస్తున్నా వెనక్కి తిరిగి చూడకుండా బయటికి నడిచింది. జులైలో విచారణ వాయిదా పడింది, మళ్లీ మొదలవలేదు. ఈ పని చేసిపెడతానన్న హెన్రీ మంత్రి కార్డినల్ వూల్సీ పదవి ఊడింది, మరుసటి ఏడాది అతను పోయాడు కూడా.

అయితే ఒక్క రోజులో తెంచుకున్నారా?

అయిదేళ్లు పట్టింది, అదీ చట్టాల మీద చట్టాలు చేసుకుంటూ. ముందు మతగురువుల మెడకు పాత చట్టం తగిలించారు: పోప్ అధికారాన్ని ఒప్పుకున్నారు కాబట్టి రాజు మీద నేరం చేశారని. 1531లో వాళ్లు లక్ష పౌండ్లు కట్టి బయటపడ్డారు. రాజే చర్చికి పెద్ద అని ఒప్పుకుంటూ, "క్రీస్తు ధర్మం అనుమతించినంత మేర" అని ఒక మెలిక పెట్టుకున్నారు. మర్నాడు దేనికైనా పనికొస్తుందని పెట్టుకునే ఇలాంటి మెలికలు మన ఆఫీసు ఫైళ్లలో కూడా చూస్తుంటాం.

1533 జనవరి నాటికి ఆన్ గర్భవతి. ఇక ఆగే వీల్లేదు. ఆమెను రహస్యంగా పెళ్లి చేసుకున్నాడు. ఇంగ్లండ్ కేసులు రోమ్‌కి అప్పీలుకు వెళ్లకూడదని పార్లమెంటు చట్టం చేసింది. ఈ దేశం తనంతట తానే ఒక సామ్రాజ్యం, దీనిపైన బయటివాడెవడూ లేడని ఆ చట్టం మొదట్లోనే రాశారు. రాసింది హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్. మే నెలలో కొత్త ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ పాత పెళ్లి చెల్లదన్నాడు. సెప్టెంబరు 7న బిడ్డ పుట్టింది. ఇంత చేస్తే ఆడపిల్ల! ఆమే ఎలిజబెత్. 1534లో రాజే ఇంగ్లండ్ చర్చికి భూమ్మీద సర్వాధిపతి అన్న చట్టం వచ్చింది.

పనంతా పార్లమెంటు చేత చేయించడం హెన్రీకి ఆ రోజుకి సౌకర్యం. కానీ దేవుడి వ్యవహారాలు కూడా పార్లమెంటు తేల్చగలదన్న అలవాటు అక్కడే మొదలైంది. వందేళ్ల తర్వాత రాజులకే అది మెడకు చుట్టుకుంది.

అంటే హెన్రీ ప్రొటెస్టెంట్ అయ్యాడా?

లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువు. 1521లో, పోప్‌ను ఎదిరించిన జర్మన్ గురువు మార్టిన్ లూథర్‌కి వ్యతిరేకంగా హెన్రీ పేరుతో ఒక గ్రంథం వచ్చింది. దానికి మెచ్చి పోప్ "విశ్వాస రక్షకుడు" అన్న బిరుదు ఇచ్చాడు. ఇప్పటికీ బ్రిటన్ నాణేల మీద ఎఫ్.డి. అన్న పొడి అక్షరాలు ఆ బిరుదే. పోప్ ఇచ్చిన బిరుదును, పోప్‌ను కాదన్న రాజ్యం 500 ఏళ్లుగా మోస్తోంది.

రోమ్‌తో తెంచుకున్నాక కూడా అతను లాటిన్ పూజ వదల్లేదు. రొట్టె, ద్రాక్షరసం నిజంగా క్రీస్తు శరీర రక్తాలవుతాయన్నది కాదంటే కాల్చేయమని 1539లో ఆరు అంశాల చట్టం తెచ్చాడు. గురువులు పెళ్లి చేసుకోకూడదన్నది కూడా అందులో ఉంది. ఆర్చిబిషప్ క్రాన్మర్‌కి అప్పటికే రహస్యంగా పెళ్లయింది, పాపం భార్యను జర్మనీకి పంపేయాల్సి వచ్చింది.

హెన్రీ విధానం ఏమిటో చూడాలంటే 1540 జులై 30న లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్ చూడాలి. ఆ రోజు ఆరుగుర్ని చంపారు. ముగ్గురు లూథర్ మార్గం వాళ్లు, మతద్రోహులని కాల్చారు. ముగ్గురు పోప్ పక్షం వాళ్లు, రాజద్రోహులని ఉరితీసి ముక్కలు చేశారు. చెక్క తడకల మీద ఈడ్చుకొచ్చేటప్పుడు ఒక్కో తడకకు ఈ పక్షం వాణ్ని ఒకణ్ని, ఆ పక్షం వాణ్ని ఒకణ్ని కలిపి కట్టారు. చూస్తున్న జనానికి ఏం నమ్మితే బతుకుతామో ఎలా తెలుస్తుంది? ఆ వేళకు రాజు ఏం నమ్మితే అదే.

మరి నిజంగా నమ్మకం కోసం నిలబడ్డవాళ్లు లేరా?

ఉన్నారు, రెండు వైపులా. రాజకీయమే అంతా అని కొట్టిపారేసేవాళ్లు వీళ్లను మర్చిపోతారు.

విలియం టిండేల్ బైబిల్ కొత్త నిబంధనను ఇంగ్లిషులోకి తెచ్చాడు. 1526లో జర్మనీలో అచ్చేసి, బట్టల మూటల్లో దాచి ఇంగ్లండ్‌కి చేరవేశారు. దొరికినవి దొరికినట్టు బిషప్పులు తగలబెట్టారు. ఇతను రాజు వైపు ఉండాలి కదా? లేడు. కేథరిన్‌ను వదిలేయడం తప్పని పుస్తకమే రాశాడు. లూథర్ కూడా తప్పనే అన్నాడు. అంటే పోప్‌ను ఎదిరించినవాళ్లలో నిఖార్సయిన విశ్వాసులే రాజు పెళ్లిని ఒప్పుకోలేదు. 1536లో టిండేల్‌ను బ్రస్సెల్స్ దగ్గర గొంతు బిగించి చంపి, శవాన్ని కాల్చారు. మూడేళ్లకే రాజు ఆజ్ఞతో ప్రతి చర్చిలో పెట్టిన పెద్ద బైబిల్లో చాలా భాగం అతని అనువాదమే. దాని ముఖచిత్రంలో హెన్రీ సింహాసనం మీద కూర్చుని అందరికీ బైబిల్ పంచుతుంటాడు. కానీ 1543లో అదే హెన్రీ, కూలివాళ్లు, పనివాళ్లు, సామాన్య స్త్రీలు దాన్ని చదవకూడదని చట్టం చేశాడు!

అటువైపు థామస్ మోర్. హెన్రీ దగ్గర ఛాన్సలర్, ఐరోపా అంతా పేరున్న పండితుడు. తన హయాంలో ప్రొటెస్టెంట్లను కాల్పించినవాడు కూడా, ఆ సంగతి ఆయన అభిమానులు మెల్లగా దాటేస్తారు. 1532లో పదవి వదిలేశాడు. రాజు సర్వాధిపత్యం గురించి ఔననకుండా, కాదనకుండా నోరు మూసుకుని ఇంట్లో కూర్చున్నాడు. లాయరు కాబట్టి మౌనం నేరం కాదని ఆయనకు తెలుసు. అయినా వదల్లేదు. 1535 జులై 6న తల తీశారు. ఆయనకు రెండు వారాల ముందు బిషప్ జాన్ ఫిషర్ తల పోయింది. దేశంలోని బిషప్పులలో చివరిదాకా తల వంచనిది ఆయనొక్కడే. ఆ లెక్క చూస్తే మిగతావాళ్ల భక్తి ఎంతో అర్థమవుతుంది. కానీ వాళ్లను నేను తప్పుపట్టను, తల ఎవరికైనా ఒకటే.

మఠాలు మూసేసింది భక్తితోనా, డబ్బు కోసమా?

డబ్బు కోసం. సంస్కరణ అన్న మాట పైపూత. 1535లో చర్చి ఆస్తులన్నీ లెక్కగట్టించారు. 1536లో ఏడాదికి 200 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న చిన్న మఠాలు మూశారు, తర్వాత పెద్దవాటి మీద పడ్డారు. 1540 నాటికి సుమారు 800 మఠాల్లో ఒక్కటీ మిగల్లేదు. కప్పుల మీది సీసం రేకులు పీకి అక్కడికక్కడే కరిగించి దిమ్మలు పోశారు. గంటలు, వెండి పాత్రలు బళ్లకెత్తారు. కప్పు పోయాక వానకు గోడలు అవే పడిపోయాయి. యార్క్‌షైర్‌లో ఫౌంటెన్స్, రీవో మఠాలకు ఇప్పుడు టూరిస్టులు టికెట్ కొనుక్కుని వెళ్లి చూసేది ఆ మొండి గోడలనే. గ్లాస్టన్‌బరీ మఠాధిపతి రిచర్డ్ వైటింగ్ అప్పటికే ముసలివాడు. 1539లో ఆయన్ని ఊరి పక్క కొండ మీద ఉరితీశారు.

వచ్చిన డబ్బు బడులకో, పేదలకో పోలేదు, ఎక్కువ భాగం ఫ్రాన్స్‌తో యుద్ధాలకు ఖర్చయింది. హెన్రీ చనిపోయేనాటికి భూముల్లో సగానికి పైగా అమ్మేశాడు. కొన్నది జమీందార్లు, లాయర్లు, వ్యాపారులు. ఈ అమ్మకమే ఈ కథలో అసలు మలుపు అని నా అభిప్రాయం. ఎందుకో మేరీ దగ్గర చెప్తాను.

జనం ఊరుకున్నారా?

1536 అక్టోబరులో ఉత్తరాది లేచింది. యార్క్‌షైర్‌లో రాబర్ట్ ఆస్క్ అనే లాయరు నాయకత్వంలో 30 వేల మందికి పైగా, క్రీస్తు అయిదు గాయాల గుర్తున్న జెండాలతో బయల్దేరారు. మేం చేసేది తిరుగుబాటు కాదు, కృపా యాత్ర అన్నారు. మఠాలు తెరవాలన్నది ఒక కోరికైతే, పన్నులు, కౌలు బాధలు, క్రామ్‌వెల్‌ను తీసేయడం మరికొన్ని. భక్తినీ రాజకీయాన్నీ విడదీసి చూడటం మన చదువుకున్నవాళ్ల అలవాటు. వాళ్లకు ఊరి మఠం అంటే పూజ జరిగే చోటు, కరువులో గంజి పోసే చోటు, పొలానికి యజమాని, అన్నీ.

రాజు దగ్గర అంత సైన్యం లేదు. అందుకని క్షమాపణ ఇస్తా, యార్క్‌లో పార్లమెంటు పెడతా అని మాటిచ్చాడు. నమ్మి ఇళ్లకు పోయారు. ఆస్క్‌ను క్రిస్మస్‌కి లండన్ పిలిచి మర్యాద కూడా చేశాడు. కొత్త ఏడాదిలో ఇంకో చిన్న అల్లరి జరగ్గానే దాన్ని సాకు చేసుకుని 200 మందికి పైగా చంపించాడు. ఆస్క్‌ను 1537లో యార్క్‌లో గొలుసులతో వేలాడదీశారు.

తిరగబడనివాళ్లు ఏం చేశారు? మామూలు ఊళ్లో ఎలా ఉండేది?

డెవన్ జిల్లాలో మోర్‌బాత్ అని చిన్న పల్లె. ముప్పై చిల్లర కుటుంబాలు. అక్కడి గురువు క్రిస్టఫర్ ట్రైకే 1520 నుంచి 1574 దాకా అదే చర్చిలో ఉన్నాడు, చర్చి జమాఖర్చులు రాశాడు. ఆ లెక్కలు నిలిచాయి.

మన ఊళ్లలో దేవుడి మాన్యం, దేవుడి ఆవులు ఉన్నట్టే అక్కడ చర్చి గొర్రెలు ఉండేవి. ఒక్కో పునీతుడి పేరున కొన్ని గొర్రెలు, వాటిని తలా ఒక ఇంటివాళ్లు మేపేవారు. ఉన్ని అమ్మిన డబ్బు ఆ ప్రతిమ ముందు దీపానికి. సెయింట్ సిడ్‌వెల్ అంటే ట్రైకేకి మహా భక్తి. చనిపోయినవాళ్ల కోసం చేసే పూజకు నల్లని పూజా వస్త్రాలు కొనాలని ఆయన ఇరవై ఏళ్లు పైసా పైసా కూడబెట్టాడు. అవి 1547లో వచ్చాయి. సరిగ్గా అదే ఏడాది హెన్రీ పోయి, కొడుకు ఎడ్వర్డ్ కాలం, ప్రొటెస్టెంట్ల పెత్తనం మొదలైంది. చనిపోయినవాళ్ల కోసం పూజలే వద్దన్నారు, ఉత్తరించు స్థలం (చనిపోయినవాళ్ల ఆత్మలు శుద్ధి అయ్యే చోటు) అన్నదే లేదన్నారు.

దీపాలు ఆరిపోయాయి, గొర్రెలు అమ్మేశారు, ప్రతిమలు తీసేశారు. 1549లో డెవన్, కార్న్‌వాల్ జనం కొత్త ఇంగ్లిషు ప్రార్థన పుస్తకం వద్దని తిరగబడ్డారు. మాలో కొందరికి ఇంగ్లిషే రాదు, ఈ కొత్త ప్రార్థన క్రిస్మస్ ఆటలా ఉందన్నారు కార్న్‌వాల్‌వాళ్లు. మోర్‌బాత్ అయిదుగురు కుర్రాళ్లను ఖర్చులిచ్చి ఆ తిరుగుబాటుకి పంపినట్టు లెక్కల్లో కనిపిస్తుంది. మేరీ రాగానే ఇళ్లలో దాచిన వస్త్రాలు, బొమ్మలు మళ్లీ చర్చికి చేరాయి. ఎలిజబెత్ వచ్చాక మళ్లీ పోయాయి. ట్రైకే మాత్రం నలుగురు పాలకుల కిందా అదే ఊళ్లో, అదే మనుషులకు పెళ్లిళ్లు చేయిస్తూ, పూడ్చిపెడుతూ ఉండిపోయాడు. పిరికివాడా? గోడ మీద పిల్లా? నాకైతే ఊరిని వదల్లేని మనిషిలా కనిపిస్తాడు.

మేరీ రాణి వెనక్కి తిప్పలేకపోయిందా?

కేథరిన్ కూతురు మేరీ 1553లో రాగానే చాలా ఊళ్లు సంతోషించాయి. 1554 చివర్లో దేశం అధికారికంగా మళ్లీ రోమ్ గూటికి చేరింది. కానీ పార్లమెంటు ఒక షరతు పెట్టింది: మఠాల భూములు కొన్నవాళ్ల జోలికి రాకూడదు. పోప్ ఒప్పుకోక తప్పలేదు. పూజ తిరిగొచ్చింది, పొలం తిరిగి రాలేదు. ప్రతి జిల్లాలో పెద్ద కుటుంబాలకు రోమ్ దూరంగా ఉంటేనే మేలు అన్న లెక్క అలా మిగిలింది.

ఆమె సుమారు 280 మంది ప్రొటెస్టెంట్లను కాల్పించింది. అందుకే "బ్లడీ మేరీ" అన్న పేరు పడింది. క్రాన్మర్ ప్రాణభయంతో తన మాటలు వెనక్కి తీసుకుంటూ సంతకాలు పెట్టాడు. అయినా చంపడానికే నిర్ణయించారు. 1556 మార్చి 21న ఆక్స్‌ఫర్డ్‌లో అందరి ముందూ ఆ సంతకాలను కాదని, సంతకం చేసిన కుడిచేతిని ముందు మంటలో పెట్టాడు. మేరీకి వారసుడు పుట్టి ఉంటే, ఇంకో ఇరవై ఏళ్లు బతికి ఉంటే ఇంగ్లండ్ ఇవాళ కథోలిక్ దేశమే అయ్యుండొచ్చు. 1558లో పోయింది.

ఎలిజబెత్ చేసిన రాజీ ఏమిటి?

1559లో మళ్లీ రోమ్‌తో తెంపు. ఈసారి రాణి "సర్వాధిపతి" అనిపించుకోలేదు, "సర్వోన్నత పాలకురాలు" అంది. ఆడమనిషి చర్చికి శిరస్సా అని గొణిగేవాళ్ల నోరు కొంత మూతపడింది. కొత్త ఆరాధన చట్టం ప్రభువుల సభలో మూడంటే మూడు ఓట్ల తేడాతో గట్టెక్కింది, బిషప్ ఒక్కడు కూడా అనుకూలంగా ఓటెయ్యలేదు.

రాజీ ఎలా ఉంటుందో చూడాలంటే రొట్టె ఇచ్చేటప్పుడు గురువు పలికే మాటలు చూడాలి. 1549 ప్రార్థన పుస్తకంలో ఇది నీకోసం ఇచ్చిన ప్రభువు శరీరం అన్న అర్థం ఉంది, పాతకాలపువాళ్లకు నచ్చేది. 1552లో దాన్ని కొట్టేసి, ఆయన్ని జ్ఞాపకం చేసుకుంటూ తిను అని పెట్టారు. 1559లో రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టేశారు. వినేవాడు తనకు కావలసిన సగం వినొచ్చు. తెలుగులో కూడా ఈ తేడా మాటల్లోనే ఉంది: ఆర్‌సీఎం (రోమన్ కథోలిక్) వాళ్లు దివ్యసత్ప్రసాదం అంటారు, మిగతావాళ్లు ప్రభువు బల్ల అంటారు.

కథోలిక్ అంటే దేశద్రోహి అన్న ముద్ర ఎలా పడింది?

1570లో పోప్ అయిదో పయస్ ఎలిజబెత్‌ను వెలివేసి, ఆమెకు విధేయంగా ఉండనక్కర్లేదని ప్రజలకు చెప్పాడు. మంచి చేద్దామని చేశాడేమో కానీ ఇంగ్లండ్ కథోలిక్కుల కొంప ముంచాడు. అంతకుముందు ఆదివారం చర్చికి రాకపోతే 12 పెన్నీల జరిమానా. 1581కి నెలకు 20 పౌండ్లయింది, ధనవంతుల్ని కూడా కూల్చే మొత్తం. గురువులు పెద్దిళ్లలో గోడల వెనక, మెట్ల కింద కట్టిన రహస్య గదుల్లో దాక్కునేవారు. ఆమె కాలంలో 180 మందికి పైగా కథోలిక్కులను చంపారు. వాళ్లను కాల్చలేదు, ఉరితీసి ముక్కలు చేశారు, అంటే మతద్రోహం కాదు, రాజద్రోహం. కథోలిక్ గురువు ఎడ్మండ్ కాంపియన్ 1581లో ఉరికంబం ఎక్కేదాకా తాను రాణికి విశ్వాసపాత్రుణ్నే అన్నాడు. ఆ మాట నిజం కావచ్చు, వినే స్థితిలో ఎవరూ లేరు. 1588లో స్పెయిన్ నౌకాదళం దండెత్తి వచ్చాక అయితే చెప్పనే అక్కర్లేదు.

మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) హెన్రీ పెట్టిన చర్చేనా?

పాక్షికంగా. ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చికి చెందిన) మిషనరీలు 1841లో మచిలీపట్నం వచ్చారు, నోబుల్ కాలేజీ పేరు వాళ్లలో ఒకరిదే. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912లో దోర్నకల్‌కి బిషప్ అయ్యాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొన్ని సంఘాలు కలిసి సీఎస్ఐ అయ్యాయి.  మెదక్ చర్చి మెథడిస్టుల వారసత్వం, కాబట్టి మెదక్‌కి హెన్రీ చుట్టరికం ఇంకాస్త దూరం.

ఇంగ్లండ్ రాజు ఇప్పుడు కథోలిక్ అవ్వొచ్చా?

అవ్వకూడదు. 1701 చట్టం ఇంకా అమల్లోనే ఉంది. కథోలిక్‌ను పెళ్లి చేసుకోవచ్చని మాత్రం 2013లో సవరించారు. మళ్లీ పెళ్లి దగ్గరికే వచ్చాం చూశారా!